తుప్పును చదివే చేతులు

2014లో జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో ఒక పెద్దాయన కొట్టాన్ని ఖాళీ చేయించడానికి ఓ టీవీ బృందం వెళ్లింది. ఇళ్లలో పేరుకుపోయిన పాత సామానుకు వెలకట్టి అమ్మిపెట్టడం ఆ కార్యక్రమం పని. అక్కడ ఏళ్ల తరబడి కదలని రెండు పోర్షె 911 కార్లు కనిపించాయి. వాటిలో ఒకదానికి ముందు మడ్‌గార్డులే లేవు. ఇంకా చాలా భాగాలు మాయమయ్యాయి. ఉన్న రేకులో సగం తుప్పు తినేసింది. పాత ఇనుము కొట్టుకు తోలేయాల్సిన బండే అనిపిస్తుంది చూడగానే. దాని మీద కొట్టి ఉన్న నంబరు మాత్రం 300057. ఆ నంబరు ష్టుట్‌గార్ట్‌లోని పోర్షె మ్యూజియానికి చేరింది.

ఆ నంబరు విలువ తెలియాలంటే 1963కు వెళ్లాలి. ఆ ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పోర్షె తన కొత్త కారును 901 పేరుతో పెట్టింది. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచి కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 1964లో ఆ పేరు 911 అయింది. పేరు మారకముందు తయారైన కార్లు చాలా కొద్ది. ఆ కొద్దిలో 57వది ఈ కొట్టంలో పడి ఉంది. విచిత్రమేమిటంటే ఆ కంపెనీ సొంత మ్యూజియంలోనే అప్పటిదాకా ఒక్క 901 కూడా లేదు. వాళ్లు వెంటనే కొన్నారు. కొన్నాక దాన్ని జనం ముందు పెట్టడానికి మూడేళ్లు పట్టింది. 2017 డిసెంబరులో గానీ అది ఎర్రటి రంగుతో వెలుగులోకి రాలేదు.

ఆ కారును పుట్టించిన కంపెనీకే మూడేళ్లెందుకు పట్టింది? డబ్బు ఉంది, పాత డ్రాయింగులు ఉన్నాయి, రేకు కొట్టేవాళ్లున్నారు. కొత్త మడ్‌గార్డులు చేసి బిగిస్తే నెలల్లో అయిపోయేది. వాళ్లు అలా చేయలేదు. ఆ కాలానికే చెందిన మరో పాత 911 బాడీని వెతికి, దాని నుంచి అసలైన భాగాలు కోసి తెచ్చి అతికారు. బాడీ పనికే ఏడాది పట్టింది. చేతికి అందే కొత్త రేకును కాదని పాత రేకు కోసం అంత కాలం తిరగడం వెనక ఉన్న పట్టుదలే ఈ వ్యాసానికి విషయం. ఆ పట్టుదల పెద్ద మ్యూజియాల సొత్తేమీ కాదు. జర్మనీ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే షెడ్లలో అది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

అలాంటి షెడ్డులోకి ఎక్కువగా వచ్చే బండి ఫోక్స్‌వాగన్ బీటిల్. 2003 జులైలో మెక్సికోలోని ప్వేబ్లా ఫ్యాక్టరీ నుంచి చివరిది బయటికొచ్చేసరికి లోకంలో తయారైన బీటిళ్లు 2,15,29,464. ఇన్ని ఉన్న కారును కాపాడటమెందుకని అనుకోవచ్చు. ఇన్ని ఉన్నాయి కాబట్టే జనం వాటిని పట్టించుకోకుండా వాడి పారేశారు. పైగా ఆ కారు తన చావును తనలోనే మోసుకు తిరుగుతుంది. బీటిల్ ఇంజను వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటర్ లేదు, వేడినీళ్లు లేవు. మరి జర్మనీ చలిలో లోపల కూర్చున్నవాళ్లకు వెచ్చదనం ఎలా? పొగ గొట్టాల పక్కన కాగిన గాలిని రెండు పక్కలా తలుపుల గడపల కింద ఉండే బోలు పెట్టెల గుండా ముందుకు తోలుతారు. ఆ పెట్టెలు గాలి గొట్టాలే కాదు, కారు పక్కలను నిలబెట్టే దూలాలు కూడా. రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు, తడి, బురద కలిసి అక్కడ చేరతాయి. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

పని తెలిసిన మెకానిక్ అందుకే కళ్లతో కాక చెవులతో మొదలుపెడతాడు. స్క్రూడ్రైవర్ పిడితో గడప పొడుగునా తట్టుకుంటూ పోతాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట ఆ చప్పుడు చచ్చిపోతుంది. ఎవరో పుట్టీ నింపి రంగు కొట్టిన చోట మరో రకంగా మోగుతుంది. తర్వాత వెనక సీటు ఎత్తుతాడు. బీటిల్‌లో బ్యాటరీ ఉండేది ఆ సీటు కింద, కుడివైపున. కుడిపక్క అడుగు రేకు కరిగిపోయి ఎడమపక్కది బాగుంటే అది నీళ్ల పని కాదు, ఏళ్ల తరబడి కారిన బ్యాటరీ యాసిడ్ పని. ముందు అద్దం కింది మూలల్లో తుప్పుంటే రబ్బరు ఎండి బిగుసుకుపోయిందని అర్థం. తుప్పు ఎక్కడుందో చెప్పడం ఎవరైనా చేస్తారు. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగాయో చెప్పగలవాడే పనివాడు. కారణం వదిలేసి రేకు మార్చినవాడి దగ్గరికి ఆ బండి నాలుగు చలికాలాల్లో మళ్లీ వస్తుంది.

ఇక గడప పెట్టె మార్చే పని చూడాలి. కోయడానికి ముందు తలుపు ఖాళీలో అడ్డంగా, ఏటవాలుగా ఇనుప గొట్టాలు పెట్టి వెల్డింగ్ చేస్తారు. అలా ఊతం పెట్టకుండా పెట్టె కోస్తే కారు నడుము కుంగిపోతుంది. ఆ మార్పు కంటికి ఆనదు గానీ ఆ తర్వాత తలుపు జన్మలో సరిగ్గా పడదు. ఊతం పెట్టాక ఫ్యాక్టరీలో వేసిన చుక్క వెల్డింగులను ఒక్కొక్కటిగా వెతకాలి. రంగు గీకితే చిన్న గుండ్రటి గుంటల్లా బయటపడతాయి. చదునైన మొన ఉన్న డ్రిల్లుతో పై రేకు వరకే తొలిచి, కింద ఉన్న మంచి రేకుకు దెబ్బ తగలకుండా ఆపాలి. ఒక పక్కకే ఇలాంటి చుక్కలు పదుల కొద్దీ ఉంటాయి. కొత్త పెట్టెను క్లాంపులతో పట్టించి, తలుపు బిగించి, మూసి చూస్తారు. సందు పైన సన్నంగా, కింద వెడల్పుగా ఉంటే పెట్టెను వెంట్రుకవాసి జరిపి మళ్లీ తలుపు మూస్తారు. ఆ సందు పొడుగునా ఒకేలా వచ్చేదాకా వెల్డింగ్ ముట్టించరు. ముట్టించాక కూడా ఒకే గీతగా లాగరు. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త అంటించి చల్లారనిస్తారు. లేకపోతే వేడికి రేకు మెలికపడుతుంది.

ఇదంతా రంగు కింద పోయే పని. బండి పూర్తయ్యాక దీన్ని ఎవరూ చూడరు. చూడరని తెలిసీ అంత ఓపికగా చేయడం ఈ వృత్తిలోని గొప్పతనం, అందుకే దాన్ని ఇంత వివరంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇలా విప్పేటప్పుడే బండిని మొదట కట్టినవాళ్ల ఆనవాళ్లు కనిపిస్తాయి. పోర్షె 356 దీనికి మంచి ఉదాహరణ. 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ ఊళ్లో ఒక పాత రంపపు మిల్లులో ఆ కారు మొదలైంది. 1950 నుంచి ష్టుట్‌గార్ట్‌లో రాయిటర్ కంపెనీ దాని బాడీలు కట్టింది. ఆ బాడీలకు తలుపులు, మూతలు చేత్తో సరిచేసి బిగించేవారు. ఒక కారు తలుపు ఇంకో కారుకు సరిగ్గా సరిపోదు. అందుకే ఛాసిస్ నంబరులోని చివరి అంకెలను తలుపు మీద, ముందు మూత మీద, ఇంజను మూత మీద అచ్చుకొట్టేవారు. ఈరోజు ఒక 356ను విప్పి, పాత రంగు తీసి, ఆ మూడు చోట్లా ఒకే అంకెలు కనిపిస్తే షెడ్డులో పండగే. అరవై డెబ్బై ఏళ్లుగా ఆ కారు తన తలుపులు తానే మూసుకుంటోందన్నమాట. అతుకుల మీద సీసం కరిగించి పోసి, చెక్కతో సాపు చేసి, ఆకురాయితో నునుపు చేసిన జాడలూ ఉంటాయి. అప్పటికి ప్లాస్టిక్ పుట్టీ లేదు. ఆ సీసం పొరలో ఒక మనిషి చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ తలుపును ఏం చేయాలి? కింది అంచు తుప్పు పట్టింది. బజారులో కొత్తగా చేసిన తలుపు రేకు దొరుకుతుంది. పాతది తీసేసి కొత్తది వేస్తే పని త్వరగా అవుతుంది, ఖర్చు కూడా కొన్నిసార్లు తగ్గుతుంది. కానీ ఆ అంకెలు పోతాయి. మంచి షెడ్లలో కింది మూడు నాలుగు అంగుళాలు మాత్రమే కోసి, అంత మేరకే రేకు వంచి అతుకుతారు. సుత్తి ఒక చేత, ఇనుప దిమ్మె ఇంకో చేత పట్టుకుని ఆ అతుకు కనిపించకుండా సాగగొడతారు. జర్మనీలో ఈ బాడీ పని నేర్చుకునే కుర్రాళ్లకు శిక్షణ మూడున్నరేళ్లు. వారంలో కొన్ని రోజులు వృత్తి పాఠశాల, మిగతా రోజులు షెడ్డు. ఆ మూడున్నరేళ్లలో నేర్చుకునేది ఎక్కువగా కొత్త కార్ల పని. పాత రేకు సంగతి మాత్రం ఒక పెద్ద మేస్త్రి పక్కన నిలబడి, ఆయన దెబ్బ చూసి నేర్చుకోవాల్సిందే. ఆ మేస్త్రులు ఒక్కొక్కరూ పని విరమిస్తుంటే ఆ చేతివాటం కూడా వాళ్లతో వెళ్లిపోతోంది. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద లోటు విడిభాగాలది కాదు, చేతులది.

ఎంత మార్చాలన్న ప్రశ్న వెంటే మరో ప్రశ్న ఉంది. బండిని ఏ రోజుకు తీసుకెళ్లాలి? దీనికి బీఎండబ్ల్యూ 507 కథను మించిన ఉదాహరణ లేదు. ఆల్బ్రెష్ట్ ఫోన్ గోయెర్ట్స్ గీసిన ఆ అందమైన కారు 1950ల చివర్లో కేవలం 252 తయారైంది. వాటిలో 70079 నంబరున్న తెల్ల కారును ముందు హాన్స్ ష్టుక్ పందాల్లో నడిపాడు. అమెరికా సైన్యంలో చేరి జర్మనీకి వచ్చిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ చేతికి 1958 డిసెంబరులో అది అందింది. అభిమానులు ఆ తెల్లటి రంగు మీద లిప్‌స్టిక్‌తో సందేశాలు రాసేవారు. భరించలేక ఆయన దానికి ఎర్ర రంగు వేయించాడు. తర్వాత కారు అమెరికా చేరింది. ఎవరో దాని ఇంజను తీసేసి అమెరికన్ ఇంజను పెట్టించారు, అది పట్టడానికి ముందు భాగం కోయించారు. 1968లో జాక్ క్యాస్టర్ అనే ఇంజనీరు దాన్ని కొని, ఎప్పటికైనా బాగుచేస్తానని దాచుకున్నాడు. కాలిఫోర్నియాలో గుమ్మడికాయలు నిల్వచేసే గోదాములో అది ఏళ్లకేళ్లు ఉండిపోయింది.

2014లో దాన్ని మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ వర్క్‌షాపుకు చేర్చారు. ఇంజను లేదు, గేర్‌బాక్సు లేదు. పాత విడిభాగాలు పోగేసి వీ8 ఇంజనును మళ్లీ కట్టారు. తలుపు పిడులు, కిటికీ అద్దం దించే మరలు దొరక్కపోతే 3డీ ప్రింటింగ్‌తో చేశారు. బాడీలో మిగిలిన పాత రేకును వీలైనంత నిలబెట్టారు. రెండేళ్ల పని తర్వాత 2016 ఆగస్టులో అమెరికాలోని పెబుల్ బీచ్ పాత కార్ల ప్రదర్శనలో కారు నిలబడింది, తెల్లటి రంగులో. బండి పూర్తవడం చూడకుండానే క్యాస్టర్ కన్నుమూశాడు.

తెలుపు సరైన నిర్ణయమేనా? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు అదే, ఎల్విస్ మొదట చూసి ముచ్చటపడ్డదీ అదే. ఆ లెక్కన సరైనదే. కానీ ఎరుపు కూడా అబద్ధం కాదు. ఆ కారు పేరు లోకానికి తెలియడానికి కారణమైన కథ ఆ ఎర్ర రంగులోనే ఉంది. ఏ రంగు వేసినా రెండోది చెరిగిపోతుంది. బాగుచేయడమంటే కారు జీవితంలో ఒక రోజును ఎంచుకుని మిగతా రోజులను వదులుకోవడం. ఆ ఎంపిక భారం పెద్ద కంపెనీకైనా, చిన్న షెడ్డుకైనా ఒకటే. ఎంచుకోక తప్పనప్పుడు, వదిలేసిన వాటిని కనీసం ఫొటోల్లో, కాగితాల మీద నిలపాలి. ఒక మూల రంగు గీకి, పొరలు పొరలుగా కనిపించేలా అలాగే ఉంచేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కవచ్చు.

జర్మన్ ప్రభుత్వం కూడా ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పుకుంది. 1997 నుంచి అక్కడ ముప్పై ఏళ్లు నిండిన కార్లకు చివర హెచ్ అక్షరం ఉన్న నంబరు ప్లేటు ఇస్తున్నారు. ఇంజను ఎంత పెద్దదైనా ఏడాదికి పన్ను దాదాపు 192 యూరోలే. అయితే తనిఖీ అధికారి ముందు బండి నిలబడాలి. అసలు రూపం చాలావరకు నిలిచి ఉండాలి. ఏదైనా మార్పు చేసి ఉంటే అది కారు పుట్టిన మొదటి పదేళ్లలో చేసిందో, ఆ రోజుల్లో మామూలుగా చేసేదో అయి ఉండాలి. ఈ నియమంలో ఎంతో వివేకం ఉంది. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన క్షణం దగ్గరే ఆగిపోలేదని, కొన్నవాళ్లు దానికి చేసుకున్నవి కూడా దాని చరిత్రేనని అది ఒప్పుకుంటుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ ఒప్పంద పత్రానిది కూడా ఇదే ధోరణి. పాత కట్టడాల సంరక్షణకు 1964లో వెనిస్‌లో రాసుకున్న సూత్రాలు దానికి ఆధారం. ఉన్నదాన్ని నిలబెట్టడం మేలు, కొత్తగా చేసినదేదో తెలిసేలా ఉండాలి, చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలి అన్నది దాని సారం. మనవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు కదా. రాళ్లు తారుమారైతే గుడి నిలబడినా అది ఆ గుడి కాదు. పాత కారు విప్పినప్పుడు ప్రతి బోల్టునూ ఏ చోటుదో రాసి సంచిలో కట్టడం వెనక ఉన్నదీ ఆ జాగ్రత్తే.

పాత కార్ల ప్రదర్శనల్లో జరిగే పోటీల మోజు ఈ ధోరణికి ఎదురు తిరిగింది. కొందరు యజమానులు ఫ్యాక్టరీలో వచ్చినదానికన్నా నునుపైన రంగు, గీత గీసినట్టున్న సందులు, అద్దంలా మెరిసే ఇంజను కోరుకుంటారు. 1950ల కారుకు ఆనాటి కార్మికుడు కొట్టిన రంగులో సన్నటి ఎగుడుదిగుళ్లు ఉండేవి. వాటిని పూర్తిగా అరగదీసి, ఎప్పుడూ లేని నునుపు తెస్తే అది ఏ కాలం కారు? ఆ మెరుపు చూసి మార్కులు వేసినవాళ్లే ఇప్పుడు పునరాలోచనలో పడ్డారు. పెబుల్ బీచ్ లాంటి చోట ముట్టుకోని పాత కార్లకు వేరే విభాగం ఉంది. చిట్లిన తోలు సీటు, వెలిసిన రంగు అక్కడ లోపాలు కావు.

తూర్పు జర్మనీ కార్లది మరో కథ. త్స్వికావ్‌లో 1957 నుంచి 1991 దాకా ముప్పై లక్షలకు పైగా తయారైన ట్రాబంట్‌కు పై చర్మం రేకు కాదు. వ్యర్థ దూదిని రెసిన్‌తో కలిపి అచ్చు పోసిన డ్యూరోప్లాస్ట్. దానికి తుప్పు పట్టదు. లోపల ఉన్న ఇనుప చట్రానికి మాత్రం పడుతుంది, పై పలక అడ్డం ఉండటంతో బయటికి తెలియదు. అదే ఊళ్లో యుద్ధానికి ముందు తయారైన కొన్ని డీకేడబ్ల్యూ కార్ల బాడీ చెక్కది, మీద తోలులాంటి గుడ్డ. వాటిని బాగుచేయాలంటే వడ్రంగి కావాలి, గుడ్డ పరిచే మనిషి కావాలి. తూర్పు జర్మనీలో కొత్త బండి కోసం పదేళ్లకు పైగా వేచి చూసిన జనం ఉన్నదాన్నే తిప్పితిప్పి వాడుకున్నారు. ఆ దేశంలో రిపేరు తెలియని ఇల్లు అరుదు. ఆ ఇళ్ల వెనక గ్యారేజీల్లో పదిలంగా మిగిలిన విడిభాగాలు ఈరోజు ఎంతో మందికి ఆసరా.

దొరకని భాగాల విషయంలో కొత్త సాంకేతికత చేసిన మేలు తక్కువేమీ కాదు. కేవలం 292 తయారైన పోర్షె 959కు క్లచ్ విడదీసే లివర్ ఒకటి ఉంది. మొదట అది పోత ఇనుముతో చేసింది. ఒకటో రెండో కావాల్సినప్పుడు దానికోసం అచ్చు పోయించలేరు. 2018 నాటికి ఆ కంపెనీ ఉక్కు పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగించి ఆ లివర్‌ను తయారుచేసింది. చెయ్యి ఆగిపోయిన చోట యంత్రం అందుకుంది. దాన్ని వద్దనాల్సిన పనిలేదు.

అలాగే మమకారం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. బ్రేకు గొట్టం, పెట్రోలు గొట్టం ఎంత అసలైనవైనా పారేయాల్సిందే. 1960ల నడుమ దాకా వచ్చిన బీటిళ్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే నూనె దారి. ఒక చోట కారితే నాలుగూ పోతాయి. రోజూ నడిపే బండి అయితే తర్వాతి బీటిళ్లలో వచ్చిన రెండు దారుల అమరిక వేయించుకోవడంలో తప్పు లేదు, మనిషి ప్రాణం కన్నా అసలుతనం ఎక్కువ కాదు. వెనక ఇంజను దగ్గర పాత పెట్రోలు గొట్టం చిట్లి కాలిపోయిన బీటిళ్లు ఎన్నో ఉన్నాయి. పెట్రోలులో ఇథనాల్ కలిపే రోజుల్లో ఈ భయం పెరిగింది. జర్మనీలో 2011 నుంచి పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు దొరుకుతోంది. మన దగ్గర 2023 నుంచి ఇరవై శాతం కలిపినది వచ్చింది. పాత కార్ల రబ్బరు ఇథనాల్ కోసం చేసింది కాదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పాత మెర్సిడెస్, పాత బీటిల్ ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది రంగు కాదు, ఆ గొట్టాలు.

మన దేశంలో 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నంబరులో రాష్ట్రం పేరు పక్కన వీఏ అనే అక్షరాలుంటాయి. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి ఆ బండిని వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో నిలిచిన బండే వింటేజ్ అని నియమం చెబుతోంది. అంటే మన మెకానిక్ పాత గడప పెట్టె కోసేముందు, డెంటర్ పాత తలుపు పక్కన పడేసేముందు యజమాని ఆలోచించుకోవాలి. కోయబోయే భాగాన్ని నాలుగు వైపులా ఫొటో తీయాలి. రంగు గీకినప్పుడు ఏ అంకె కనిపించినా రాసుకోవాలి. తీసేసిన ముక్కను తేదీ వేసి అట్టపెట్టెలో దాచాలి. బండి అమ్మినప్పుడు తాళాలతో పాటు ఆ పెట్టె కూడా కొన్నవాళ్లకు అప్పగించాలి.